పచ్చ ప్యాకెట్టు, రోలు బొమ్మది

బ్లెండర్స్ ప్రైడ్ వాళ్ళు లండన్ ప్రైడ్ అనే విస్కీ మీద వేసిన కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని ఈమధ్య తీరిగ్గా కూర్చుని చదివా. ప్రైడ్ అనేది అందరూ వాడుకునే మాట, దాని మీద ఒక్కళ్ళకే హక్కుండదు అన్నారు. అప్పటికి వాళ్ళదే అయిన ఇంకో విస్కీ, ఇంపీరియల్ బ్లూ, దాని రంగులూ గెటప్పూ కూడా కొట్టేశారన్న వాదన ఉంది, అదీ నిలబడలేదు. పైగా ఇలాంటి ఖరీదైన మందు కొనేవాళ్ళు చూసుకుని కొంటారు, అంత తేలిగ్గా పొరబడరు అని చెప్పి, కేసు తేలేదాకా అమ్మకం ఆపమని ఆర్డర్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు తప్పని నేననట్లేదు. కానీ కొనేవాళ్ళు ఎవరు, ఎలాంటి వాళ్ళు, ఎలా కొంటారు అనే మాట దగ్గర మాత్రం ఆగిపోయా. ఎందుకంటే మా ఇంట్లో రెండేళ్ళుగా నలుగుతున్నది అదే ప్రశ్న, మాది విస్కీ కాదు, కారం.

మా అమ్మ 2006 నుంచి తెనాలి చుట్టుపక్కల ఊళ్ళకి కారం, కందిపొడి, సాంబారు పొడి వేస్తది. మొదట్లో తెలిసినవాళ్ళకి కిలోల లెక్కన ఇచ్చేది, తర్వాత ప్యాకెట్లు. ప్యాకెట్ చేయించేటప్పుడు ప్రింటింగ్ ఆయన అందరిలాగే ఎర్ర కవర్ చూపిస్తే అమ్మ వద్దంది. ఎర్ర కవర్లో పోస్తే ఏ కారమైనా ఎర్రగానే కనపడుద్ది, మన కారానికి దాని రంగు దానికుంది, కవర్ రంగు అరువు అక్కర్లేదు అని పసుపు రంగు పెట్టించింది. మధ్యలో నల్లటి రోలూ రోకలీ, కింద చీర అంచులాగా సన్నటి ఎర్ర పట్టీ. పేరు పైన ఉంటది, చిన్న అక్షరాల్లో. ఆ పేరు ఇక్కడ రాయట్లేదు, ఇది ప్రచారానికి రాస్తున్నది కాదు.

నిజానికి ఆ పేరు పెట్టి అడిగేవాళ్ళు చాలా తక్కువ. మిరపకోతలకి పోయి సాయంత్రం ఆటో దిగి అట్నుంచటే కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు, చేతిలో 20 రూపాయలు పెట్టి పంపిస్తే పరిగెత్తుకొచ్చే పిల్లలు, వీళ్ళందరూ అనేది ఒకటే మాట, "పచ్చ ప్యాకెట్టు ఇవ్వు, రోలు బొమ్మది." మా వైపు పసుపుని పచ్చ అనే అంటారు. ఆ నాలుగు మాటలే మా అమ్మ బ్రాండు. నేను ఇంత పెద్ద పోస్టు రాసి చెప్పదల్చుకున్నది కూడా ఇంతే, చదవడం రాని మనిషికి ప్యాకెట్టు రంగూ బొమ్మే అక్షరాలు, వాటిని కాపీ కొట్టినవాడు పేరు కాపీ కొట్టినవాడి కంటే ఎక్కువ తప్పు చేస్తున్నాడు.

ఆ పెద్దావిడ వచ్చిన రోజు

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ నడిచొచ్చింది, మొదట్నుంచీ మా కారమే వాడే మనిషి. అరుగు మీద కూలబడి, "ఏం తల్లీ, ఈసారి కారం ఇట్టా చేశావు, కూరంతా చేదు" అంది. సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన ప్యాకెట్టు తీసి అమ్మ చేతిలో పెట్టింది. పసుపు కవరు, కింద ఎర్ర అంచు, మధ్యలో నల్లటి బొమ్మ. అమ్మ ఒక్క క్షణం తనదే అనుకుంది, నేనూ అనుకున్నా. దగ్గరకి తీసుకుని చూస్తే రోలు కాదు, తిరగలి. పేరు కూడా వేరే.

అమ్మ వెంటనే ఇది మాది కాదు అనలేదు. చిటికెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్ది చూసింది, కొంచెం నాలుక మీద వేసుకుంది, తొడిమలు తియ్యకుండా ఆడించారు, పొట్టు కూడా కలిసింది అని నెమ్మదిగా అంది. అప్పుడు చెప్పింది ఇది మనది కాదత్తా అని. ఆ పెద్దావిడ మొహం నాకింకా గుర్తుంది, మోసపోయానన్న కోపం కాదు అది, తప్పు చేసినదానిలాగా అయిపోయింది. "నాకేం తెలుసు తల్లీ, రోలు బొమ్మదే ఇమ్మన్నా, వాడు ఇదే ఇచ్చాడు" అంది. అమ్మ మన ప్యాకెట్టు ఒకటి ఊరికే ఇచ్చి పంపించి, ఆ తిరగలి ప్యాకెట్టుని మడిచి ఒక స్టీలు డబ్బాలో వేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆవిడ వచ్చి చెప్పింది కాబట్టి మాకు తెలిసింది. చెప్పకుండా మానేసినవాళ్ళు ఎంతమందో. నకిలీ అంటే అమ్మకం పోవడమే అనుకుంటారు చాలామంది, అది ఒక ఎత్తు. వాడి కారం బాగా లేకపోతే తిట్టు మాకొస్తది, ఇది ఇంకో ఎత్తు, ఇదే ఎక్కువ బాధ. అమ్మ ఎండలో కూర్చుని తొడిమలు తీయించిన ఇన్నేళ్ళ కష్టాన్ని ఎవడో తొడిమలతో సహా ఆడించి అమ్మేస్తున్నాడు.

కొట్టతన్ని అడిగా, బాబాయ్, నీకు తెలుసు కదా ఏది మాదో అని. ఆయన దాచలేదు. వాళ్ళు ప్యాకెట్ మీద నాకు రెండ్రూపాయలు ఎక్కువ మిగుల్చుతున్నారమ్మా, పచ్చది ఇమ్మంటారు, పచ్చదే ఇస్తున్నా అన్నాడు. అక్కడ నాకు లెక్క అర్థమైంది. వాడు కొనేవాళ్ళని ఒప్పించాల్సిన పనే లేదు, కొట్టువాడికి మార్జిన్ ఇస్తే చాలు, మిగతా పని రంగు చేసిపెడుద్ది. అబద్ధం చెప్పే అవసరం ఎవరికీ రాదు. పచ్చది అడిగారు, పచ్చది ఇచ్చారు.

పక్కపక్కన పెట్టి చూడటం

ఊళ్ళో వర్తకుల్లో ఒక పెద్దమనిషి ఇంట్లో పంచాయితీకి కూర్చున్నాం, ఆ తిరగలి ప్యాకెట్టు వాళ్ళ తరఫు మనిషి కూడా వచ్చాడు. వస్తూనే రెండు ప్యాకెట్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. మీది రోలు, మాది తిరగలి. మీ అంచు సన్నం, మాది వెడల్పు. పేర్లలో ఒక్క అక్షరం కూడా కలవదు. ఇంకెక్కడండీ కాపీ అన్నాడు. అక్కడున్నవాళ్ళందరూ వంగి చూసి, నిజమే కదా, తేడా ఉంది కదా అన్నారు. మాకు నోట మాట రాలేదు, ఎందుకంటే పక్కపక్కన పెడితే నిజంగానే తేడా ఉంది.

ఆ సాయంత్రం మా అక్క కూతురికి, ఆరేళ్ళ పిల్లకి, 20 రూపాయలిచ్చి ఎప్పుడూ చెప్పేటట్టే చెప్పి అదే కొట్టుకి పంపించా. మన ఇంట్లో పుట్టి, ఆ ప్యాకెట్ల మధ్య ఆడుకునే పిల్ల. తిరగలి ప్యాకెట్టు పట్టుకొచ్చింది, సంతోషంగా.

తర్వాత ఒక లాయరుగారు చెబితే 1972 నాటి పార్లే కేసు చదివా. పార్లే గ్లూకో బిస్కెట్ల కాగితం మీద పొలం, ఇల్లు, మధ్యలో నీళ్ళ బకెట్ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులూ కోళ్ళూ. మైసూరు కంపెనీ ఒకటి అదే సైజులో, దాదాపు అవే రంగుల్లో కాగితం వేసింది, అందులోనూ అమ్మాయి, ఆవులు, కోళ్ళు. కాకపోతే ఈ అమ్మాయి నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి, అన్నం మూట. కింది కోర్టుల్లో పార్లే ఓడిపోయింది, తేడాలు ఉన్నాయి కదా అని. సుప్రీంకోర్టు మాత్రం అసలు రెంటినీ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టడమే సరికాదంది, ఇవాళ ఒకటి చూసిన మనిషి ఇంకో రోజు రెండోది చూస్తే అదే అనుకుంటాడా లేదా, అది చూడాలి అంది. బకెట్టు, గడ్డిమోపు. రోలు, తిరగలి. నేను పుట్టకముందే ఎవరో మా బల్ల మీది పంచాయితీకి సమాధానం చెప్పిపెట్టారనిపించింది.

కొట్టులో ఎవరూ రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టుకుని కొనరు. అసలు రెండోది ఉందనే తెలియదు. దీపాలు పెట్టే వేళ, బయట ఆటో హారన్ కొడుతుంటే, లోపల అరలోంచి కొట్టువాడు తీసి చేతిలో పెట్టింది తీసుకుని పోతారు. మనసులో ఉన్న ప్యాకెట్టుకీ చేతిలోకొచ్చిన ప్యాకెట్టుకీ మధ్య జరిగే పోలిక అది, మనసులో ఉన్నదాంట్లో రోలు అంచులెలా ఉన్నాయో ఎవరికి గుర్తుంటది, నల్లటి బొమ్మ గుర్తుంటది, పచ్చదనం గుర్తుంటది.

2001లో కాడిలా మందుల కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా సూటిగా చెప్పింది. మన దేశంలో అందరికీ ఒకే భాష లేదు, చాలామందికి చదువు లేదు, ఇంగ్లీషు తెలిసినవాళ్ళు కొద్దిమంది, అలాంటప్పుడు ఇంగ్లాండు లెక్కలు పట్టుకుని కొనేవాడికి తేడా తెలుసులే అనుకోవడం కుదరదు అని. అంతకుముందు 1969లో మద్రాసు ముక్కుపొడుం కేసు ఒకటుంది, శ్రీ అంబాళ్, శ్రీ ఆండాళ్. తెలిసినవాళ్ళకి ఇద్దరూ వేరే దేవతలు, కలవనే కలవరు. కానీ పొడుం కొనేవాళ్ళందరూ దక్షిణాది హిందువులే కారు కదా, రెండు పేర్లూ చెవికి ఒకేలా తగులుతాయి అంది కోర్టు. అంటే మన కోర్టులకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు, తెలియనిది మా ఊరి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకీ, అప్పటిదాకా మాకూ.

సర్టిఫికెట్ ఉంది కదా అంటే

మాకు ట్రేడ్‌మార్క్ ఉంది. చాలామంది చిన్న వ్యాపారుల్లాగే మేమూ చేయించాం, చిన్న వ్యాపారులకి ఒక క్లాసుకి, అంటే ఒక రకం సరుకులకి, 4,500 రూపాయలు ఆన్‌లైన్ ఫీజు, కారం, మసాలాలు 30వ క్లాసు కిందకొస్తాయి, పదేళ్ళకోసారి రెన్యువల్. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి దేవుడి గూటి పక్కన పెట్టింది అమ్మ. కానీ మేం రిజిస్టర్ చేయించింది పేరు, ఉత్త పేరు. మా కొనేవాళ్ళు పలకని పేరు. లేబుల్ చేయించలేదు, రంగుల సంగతి అసలు ఎవరూ మాకు చెప్పలేదు. కాపీ కొట్టినవాడు తెలివిగా పేరు వదిలేసి మిగతాదంతా తీసుకున్నాడు, సర్టిఫికెట్ వాడి జోలికి పోదు.

1999 ట్రేడ్‌మార్క్ చట్టంలో మార్క్ అంటే పేరొక్కటే కాదు, ప్యాకింగు, వస్తువు ఆకారం, రంగుల కలయిక కూడా వస్తాయని స్పష్టంగా ఉంది. రిజిస్టర్ చేయించకపోయినా పాసింగ్ ఆఫ్ అని కేసు వెయ్యొచ్చు, వాడి సరుకుని మన సరుకులాగా నమ్మించి అమ్ముతున్నాడని. ఆ దారి మాకు తెరిచే ఉంది, లాయరుగారు కూడా అదే అన్నారు, అని కాగితాలు అడిగారు. ఏయే ఏడాది ఎంత అమ్మారు, బిల్లులున్నాయా, ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టారు. అమ్మ లోపలికి పోయి ఖాతా పుస్తకాలు తెచ్చింది, పెన్సిలు రాతలు, సగం కొట్టేసినవి, కొట్టువాళ్ళ పేర్ల పక్కన ప్యాకెట్ల సంఖ్య. ప్రచారం అంటే రెండు బస్టాండు గోడల మీద రాయించిన రాతలు, వాటి మీద ఎప్పుడో ఎన్నికల రాతలు పడ్డాయి. జనం గుండెల్లో ఉన్న మంచిపేరుని కోర్టులో కాగితం మీద చూపించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెద్ద కంపెనీకి టీవీ యాడ్ల బిల్లులుంటాయి, మా అమ్మకి ఆ అరుగు మీది పెద్దావిడ ఉంది.

పోలీసుల దగ్గరకి వెళ్ళినా ఇంతే. నకిలీ మార్కులకి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా చట్టంలో ఉంది. కానీ సోదాకి డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. మన రెండు రాష్ట్రాలకీ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. 20 రూపాయల ప్యాకెట్ల గురించి అంత దూరం ఎవరు కదులుతారు.

పాతకాలం వాళ్ళు దీనికి వాళ్ళ దారి వాళ్ళు చూసుకున్నారు. బీడీ కట్టల మీదా, పొడుం డబ్బాల మీదా, నొప్పుల మందుల మీదా ఓనరు ఫోటో ఉండేది గుర్తుందా, మీసాలతో, కోటుతో. చిన్నప్పుడు గొప్ప కోసం వేసుకున్నారనుకునేదాన్ని. ఇప్పుడనిపిస్తది, చదువు రానివాళ్ళకి మొహం గుర్తుంటది, వేరే వాడి మొహాన్ని కాపీ కొట్టి నాదే అనడం కష్టం, అందుకని వేశారు. మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు అని బోర్డు రాసుకునే హోటలు వాళ్ళదీ అదే బాధ. హైదరాబాదులో బావర్చి అని ఎన్ని బోర్డులున్నాయో చూడండి, వంటవాడు అనే మామూలు మాటని పేరుగా పెట్టుకుంటే దాన్ని కాపాడుకోవడం ఎంత కష్టమో తెలుస్తది.

రంగు ఎవరిది

ఇక్కడిదాకా వచ్చాక నన్ను నేనే చాలాసార్లు అడిగా, పసుపు రంగు మా అమ్మ సొత్తా అని. కాదు. రేపు ఇంకో ఊళ్ళో ఒక ఆడమనిషి పసుపు కవర్లో కారం పెట్టుకుంటానంటే వద్దనడానికి మేమెవరం. రంగులు ఉన్నవే కొన్ని, ఒక్కొక్కళ్ళూ ఒకటి పట్టుకుపోతే తర్వాత వచ్చేవాళ్ళకి ఏం మిగుల్తది. ఐటీసీ, బ్రిటానియా డైజెస్టివ్ బిస్కెట్ల కేసులో ఇదే తేలింది. ఐటీసీ 2016 ఫిబ్రవరిలో పసుపూ నీలం కవరుతో వచ్చింది, బ్రిటానియా జులైలో అలాంటిదే తెచ్చింది, ఢిల్లీ హైకోర్టులో ఒక జడ్జి ఆపమన్నారు, 2017లో ఇద్దరు జడ్జిల బెంచి అది కొట్టేసింది, ఇంత కొద్దికాలంలో ఆ రంగులు చూడగానే ఫలానా కంపెనీది అనేంత గుర్తు పడలేదు అని. నాకు ఆ మాట న్యాయంగానే అనిపించింది. రంగు పుట్టుకతో ఎవరిదీ కాదు, ఏళ్ళ తరబడి ఒకే నాణ్యత ఇచ్చి సంపాదించుకోవాలి. కానీ అదే లెక్కన ఇన్నేళ్ళుగా ఒకే రంగులో ఒకే సరుకు ఇచ్చినవాళ్ళకి ఆ గుర్తు వచ్చినట్టే కదా. 2003లో కోల్గేట్ పళ్ళపొడి కేసులో అదే హైకోర్టు ఆ మాటే చెప్పింది, డబ్బా మీద మూడోవంతు ఎరుపు, రెండొంతులు తెలుపు, ఆ వరసలో ఆ రంగులు చూసే చదువు రాని మనిషి కొంటున్నప్పుడు, వాటిని యాంకర్ అనే ఇంకో పళ్ళపొడి కంపెనీ వాడితే అది మోసమే అంది.

నాకు మింగుడుపడనిది 2007 నాటి సిప్లా కేసు. ఆరెంజ్ రంగు బిళ్ళల మీద గొడవ, రంగు మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు, మందులు రంగు చూసి కొనరు, పేరు చూసి కొంటారు అన్నారు. మెడికల్ షాపు దగ్గర అది నిజమే కావచ్చు, చీటీ ఉంటది. కానీ మా నానమ్మకి బీపీ బిళ్ళ అంటే "చిన్న ఎర్రది", షుగర్ బిళ్ళ అంటే "పొడుగు తెల్లది". రంగు మారితే రెండ్రోజులు వేసుకోదు. ఇంట్లో మందు రంగు చూసే వేసుకుంటారు.

ఇంకో భయం కూడా ఉంది, ఇది చిన్నది కాదు. రంగులకీ గెటప్పుకీ గట్టి రక్షణ ఇవ్వండి అని మాలాంటి వాళ్ళం అడిగితే ఆ కత్తి ముందు చేరేది పెద్ద కంపెనీల చేతికి. ఒక లీగల్ నోటీసు వస్తే చాలు, తప్పు లేకపోయినా చిన్న వ్యాపారి భయపడి కవర్ మార్చేస్తాడు, కవర్లు అచ్చెయ్యడానికి చేయించిన సిలిండర్లు, అచ్చేసిన కవర్ రోల్సు అన్నీ వృథా. కారణం లేకుండా బెదిరించిన వాళ్ళ మీద తిరిగి కేసు వెయ్యొచ్చని చట్టంలో 142వ సెక్షన్ ఉంది, కానీ అది ఉందని ఎంతమంది చిన్నవాళ్ళకి తెలుసు. ఈ భయం నాకు పూర్తిగా పోలేదు. అయినా నా అభిప్రాయం మార్చుకోలేకపోతున్నా, ఎందుకంటే నేను చూసేది ఏ కంపెనీ పెద్దది అని కాదు, ప్యాకెట్టు పట్టుకున్న చెయ్యి ఎవరిది అని. ఖరీదైన సీసా కొనేవాడు చదివి కొంటాడు, అక్కడ పేరు చాలు. చూపుతో కొనే సరుకు దగ్గర చూపునే కాపాడాలి, కంపెనీ పెద్దదైనా చిన్నదైనా.

మా రోలు బొమ్మ సంగతి కూడా ఉంది. అది మొదట గీసింది ప్రింటింగ్ షాపులో పనిచేసే కుర్రాడు. ఫైలు మా దగ్గర లేదు, ఆ షాపు కంప్యూటర్లోనే ఉంది. అది మాదే అని రాసిచ్చిన కాగితం లేదు. లాయరుగారు అడిగేదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు సొంత షాపు పెట్టుకున్నాడు, అడగ్గానే పాపం సంతకం పెట్టి ఇచ్చాడు, అక్కా ఇదేం పెద్ద బొమ్మ అన్నాడు. ప్యాకెట్లు వేయించుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, డిజైన్ డబ్బులిచ్చిన రోజే ఈ కాగితం రాయించుకోండి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

అమ్మ ఏమంది

కవర్ రంగు మార్చేద్దాం, గొడవ ఉండదు అని ఒకదశలో నేనే అన్నా. అమ్మ ఒప్పుకోలేదు. నేను మారిస్తే పచ్చ ప్యాకెట్టు పూర్తిగా వాడిదైపోద్ది, ఆ ముసలమ్మ నన్ను ఏమని అడిగి కొనుక్కుంటది అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కేసు వెయ్యలేదు ఇంకా, ముందు లేబుల్ అప్లికేషన్ పెట్టాం. రంగు చెప్పకుండా పెడితే అన్ని రంగులకీ వర్తిస్తది, రంగులు చెప్పి పెడితే ఆ రంగులకే కట్టుబడతాం, ఏది మేలో తేల్చుకోలేక లాయరుగారు ఆలోచిస్తుంటే అమ్మ రెండూ పెట్టండి అని రెండు ఫీజులూ కట్టింది. పేరు తెలుగు అక్షరాల్లో ఉంది కాబట్టి దాన్ని ఇంగ్లీషులో రాసి అర్థం కూడా చెప్పాల్సి వచ్చింది. ఖాతా పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫోటోలు తీశా. పాత కవర్లు అటక మీద దొరికాయి, మొట్టమొదటిది కూడా, ఎలుక కొరికిన మూల తప్ప రంగు అలాగే ఉంది. ఐదారుగురు కొట్టువాళ్ళు మాకు తెలిసింది చెబుతాం అని ముందుకొచ్చారు, ఆ మార్జిన్ మాట చెప్పిన బాబాయ్ కూడా.

రంగులు చెప్పి పెట్టినది పోయిన నెల ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వాళ్ళ జర్నల్లో పడింది. అక్కడ్నుంచి నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ ఫోన్ నా చేతికిచ్చి చూడమంటది. "ఎవరన్నా అడ్డం పడ్డారా?" అని అడుగుద్ది. ఇంకా లేదమ్మా అంటా. సరే అని రేపటి మిరపకాయల బస్తా విప్పుకుని తొడిమలు తీయడానికి కూర్చుంటది.